నూనె మాట్లాడని రోజులు

మా ఇంట్లో ముడులు పాడవడం మొదలైనప్పుడు తప్పంతా పొయ్యిదే అన్నాను నేను. నా పని అలాంటిది మరి. మిక్సీలు, ఫ్యాన్లు, నీళ్ళ మోటార్లు బాగుచేసే కొట్టు నాది. ఏదైనా చెడితే ముందు యంత్రాన్ని అనుమానిస్తాను, మనిషి జోలికి ఆ తర్వాతే వెళ్తాను. పొయ్యి విప్పి, బర్నర్లు కడిగి, మంట వచ్చే కన్నాలన్నీ పిన్నీసుతో పొడిచి, రబ్బరు గొట్టం మార్చి, నీలంగా నిలబడి వెలుగుతున్న మంటని మా ఆవిడని పిలిచి మరీ చూపించాను. మర్నాడు ముడులు బొగ్గుల్లా వచ్చాయి. ఆ మర్నాడు పచ్చిగా, నూనె కారుతూ వచ్చాయి. అదే పొయ్యి, అదే చెయ్యి. నాకు తల తిరిగిపోయింది.

ఆ చెయ్యి మా అత్తగారిది. ఇల్లు కూడా ఆవిడదే. నేను ఇల్లరికపు అల్లుణ్ణి. ఆ మాట నా ఎదురుగా ఎవరూ అనరు, పక్కింటివాళ్ళు తప్ప.

ముడులంటే ఏమిటో చెప్పాలి. మైదా, గుడ్లు, వెన్న, కాస్త పెరుగు, చిటికెడు ఉప్పు వేసి పిండిని బాగా మర్దిస్తారు. దాన్ని కింద పెట్టిన వేళ్ళు పైకి కనపడేంత పలచగా ఒత్తి, పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీకి మధ్యలో గాటు పెట్టి, ఒక కొసని అందులోంచి దూర్చి లాగుతారు. ముడి పడుతుంది. నూనెలో వేయించి తీసి, వేడి పూర్తిగా చల్లారకముందే పంచదార పొడిని పల్చటి గుడ్డలో మూటగట్టి పైన దులుపుతారు. మరీ వేడి మీద దులిపితే పొడి కరిగి జిగురవుతుంది, ఆలస్యం చేస్తే అంటదు. కొరికినప్పుడు పెళుసుగా విరిగి చొక్కా మీదంతా తెల్లగా రాలాలి. రాలకపోతే అది ముడే కాదని మా అత్తగారి తీర్పు. ఆ పేరు కూడా ఆవిడ పెట్టిందే. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా చెప్తారు. నేను అడగడం మానేశాను.

పిల్లలిద్దరూ చిన్నగా ఉన్నప్పుడే మామగారు పోయారు. ఆవిడ నూలు మిల్లులో చేరారు. దారం తెగితే పరిగెత్తుకెళ్ళి అతికించే పని. ఆ యంత్రాల హోరులో పక్కన నిలబడి అరిచినా వినపడదట. అందుకని అక్కడి ఆడవాళ్ళు గొంతు జోలికే పోకుండా పెదాలతో మాట్లాడుకునేవారట. ఆ వరసలో ఉన్నావిడ ఈ వరసలో ఉన్నావిడకి కోడలి మీద చాడీలన్నీ చెప్పేసేదట. సూపర్‌వైజరు మధ్యలోంచి నడుచుకుంటూ పోతుంటే అతన్ని అటూ ఇటూ నుంచి నోరారా తిట్టుకునేవారట. ఆయన నవ్వుతూ తలూపుతూ పోయేవాడట. ఈ కథ చెప్పినప్పుడల్లా మా అత్తగారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతారు.

ఆ అలవాటు మాత్రం పోలేదు. ఇప్పటికీ ఆవిడ మాట్లాడితే పెదాలు సాగదీసి మాట్లాడతారు. మనం మాట్లాడుతుంటే మొహంలోకి గుచ్చి గుచ్చి చూస్తారు. కొత్తల్లుడిగా వచ్చిన రోజుల్లో నా పళ్ళకి ఏదో అంటుకుందేమోనని మాటిమాటికీ నోరు తుడుచుకునేవాణ్ణి.

మిల్లు మూతపడ్డాక ముడులు మొదలుపెట్టారు. సందు చివర టీ కొట్టాయన రోజూ పొద్దున ఒక ట్రే తీసుకుంటాడు. పుట్టినరోజులనీ, ఆఫీసులో ఎవరో రిటైరవుతున్నారనీ విడిగా అడిగేవాళ్ళూ ఉన్నారు. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు అన్నీ ఆ మూకుడు మీదే నడిచాయి. ఇప్పుడు మేమంతా సంపాదిస్తున్నాం, ఇంక చాలించమంటే వినరు. "చాలించి ఏం చెయ్యను, మీ మొహాలు చూస్తూ కూర్చోనా?" అంటారు.

వంటగది రైలు పెట్టెలా సన్నగా ఉంటుంది. ఒక గోడకి పొయ్యి, ఎదుటి గోడకి పిండి ఒత్తే గట్టు. మా అత్తగారు పొయ్యికి వీపు పెట్టి గట్టు మీద ముడులు వేస్తూ ఉంటారు. వెనక మూకుట్లో ఒక వాయి వేగుతూ ఉంటుంది. తిరిగి చూడరు. పిండి నూనెలో పడగానే గోలగోలగా అరుస్తుంది, తడి ఆరేకొద్దీ గోల తగ్గుతుంది, ఆఖరికి గుసగుసలోకి దిగుతుంది. సరిగ్గా అక్కడ చటుక్కున తిరిగి చిల్లుల గరిటెతో తీసేస్తారు. రంగు చూసి తీసేవాళ్ళంటే ఆవిడకి చిన్నచూపు. "రంగు మోసం చేస్తుంది బాబూ. నూనె చెయ్యదు" అనేవారు. నాకు ఆ పద్ధతి నచ్చేది. నేనూ మోటారు విప్పకముందు దాని చప్పుడే వింటాను.

అలాంటి మనిషి చేతిలో ముడులు మాడాయి. పొయ్యి అయిపోయింది కదా, మైదా పాతదేమో అనుకున్నాం. కొత్తది తెచ్చాం. గుడ్లు మార్చాం. మూకుడు అడుగు పల్చబడిందని కొత్త మూకుడు కొన్నాం. టీ కొట్టాయన ట్రే పట్టుకుని నా కొట్టుకి వచ్చాడు.

"మీ అత్తగారికి ఒంట్లో బాగుంటోందా అండీ?" అన్నాడు. "నిన్న ఒకాయన ముడి కొరికి నా గ్లాసులోనే ఉమ్మేశాడు. పాత బేరం, ఏమీ అనలేకపోయాను."

ఆ సాయంత్రం అత్తగారినే అడిగాను. ఆవిడ మూకుడు వంక చూసి, "ఏమో బాబూ, ఈ నూనె మాట్లాడట్లేదు" అన్నారు.

నేను నూనె మార్చాను. "ఇదీ మాట్లాడట్లేదు" అన్నారు. పెద్ద షాపు నుంచి ఇంకోటి తెచ్చాను. "ఇది మరీ మొండిది. ఏం వేసినా నోరు విప్పదు" అన్నారు. పక్కనే కూరగాయలు తరుగుతున్న మా ఆవిడ కత్తి కింద పెట్టి నా వంక చూసింది. అంతవరకు చెడింది యంత్రమే అనుకుంటున్నాను నేను.

మా ఆవిడ బుడత పిల్లల బడిలో టీచరు. ఎవరికి ఏం లోటుందో కనిపెట్టడం ఆవిడ ఉద్యోగం. ఇక తల్లి మీద ఓ కన్నేసి ఉంచింది. కుళాయి తిప్పి వదిలేసి వెళ్ళిపోతున్నారు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా అటు తిరగడం లేదు. తలుపు గంట మోగుతుంటే దాని కిందే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. వెనక నుంచి "అమ్మా" అంటే ఒక్కోసారి పలుకుతారు, ఎక్కువసార్లు పలకరు. ఒక రోజు కిటికీకి వీపు పెట్టి గిన్నెలు తుడుస్తూ, "పక్కింటి కుక్క ఎంత బుద్ధిగా తయారైందో, ఈమధ్య అసలు మొరగడమే లేదు" అన్నారు. ఆ క్షణంలో ఆ కుక్క గోడ మీద కాళ్ళు పెట్టి పేపరు కుర్రాడి ప్రాణం తీస్తోంది. మా ఆవిడ పడగ్గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది.

నాకు మాత్రం ఒకటి అంతుపట్టలేదు. ఎదురుగా కూర్చుంటే ఆవిడ మనందరికంటే చురుకు. మా పెళ్ళిలో మా బాబాయి ఏ కూర దగ్గర పేచీ పెట్టాడో నాకు గుర్తు లేదు, ఆవిడకి గుర్తుంది. నేను మాట మార్చబోతే పట్టేసుకుంటారు. అలాంటి మనిషి వీపు తిప్పగానే వేరే లోకానికి వెళ్ళిపోవడం ఏమిటి? ఏ మోటారూ ఒక పక్క నుంచి చూస్తే తిరిగి, ఇంకో పక్క నుంచి చూస్తే ఆగిపోదు కదా.

మా బావమరిది వచ్చాడు. మా ఆవిడకి అన్న. మందుల షాపులో పనిచేస్తాడు కాబట్టి తను సగం డాక్టరునని అతని నమ్మకం. మిగతా సగం కూడా ఉందని అతని భార్య నమ్మకం. తల్లి ఎదురుగా కుర్చీ వేసుకుని ఇవాళ ఏ వారం, నేను ఎప్పుడు పుట్టాను, మన పాత ఇల్లు ఎక్కడ అని ప్రశ్నలు వేశాడు. ఆవిడ అన్నిటికీ చెప్పి, "నువ్వెందుకురా ఇలా చిక్కిపోయావు, తిండి పెట్టట్లేదా?" అని తిరిగి ఒకటి వేశారు. అతను లేచి ఆవిడ కుర్చీ వెనక్కి వచ్చి నిలబడి, మామూలు గొంతుతోనే మాతో అన్నాడు.

"అప్పుడప్పుడు ఇలా బాగానే ఉంటారు. ఈ జబ్బు అలాంటిదే. మతి మెల్లమెల్లగా పోతుంది. పొయ్యి దగ్గరికి మాత్రం రానివ్వకండి. ఇల్లు తగలబెట్టేస్తుంది. ఆదివారం నేను వచ్చి మా ఇంటికి తీసుకెళ్తాను."

ఆవిడ కదలలేదు. కొడుకు మాట విని కూడా పట్టించుకోనంత దూరం వెళ్ళిపోయారా అనుకున్నాను.

ఆదివారం వెళ్ళిపోతే ఆవిడ ఇంక పొయ్యి ముట్టుకోరని మా అందరికీ తెలుసు. కొడుకింట్లో వంటగది కోడలిది. అత్తగారికి దక్కేది టీవీ. మొహాలు చూస్తూ కూర్చోవడమే.

మర్నాడు బడికి వెళ్తూ మా ఆవిడ పొయ్యి నాబులు ఊడదీసి చేతిసంచిలో వేసుకుపోయింది. పొద్దున్నే పిండి పిసికి పొయ్యి వెలిగించబోయిన మా అత్తగారి వేళ్ళకి ఇనుప పుల్లలు తగిలాయి. ఆవిడ కాసేపు వాటిని తడిమారు. నేను గుమ్మంలోనే ఉన్నాను. ఏమైందని నన్ను అడగలేదు. పిసికిన పిండికి గుడ్డ కప్పి, గట్టు తుడిచి, ముందు గదిలోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. అడిగి తిట్టినా బాగుండేది.

శనివారం సాయంత్రం కొట్టు తొందరగా కట్టేసి వచ్చాను. మా ఆవిడ ఇంకా రాలేదు. మా అత్తగారు ఆ కుర్చీలోనే ఉన్నారు. ఎదురుగా కూర్చుని ఏదో ఒకటి మాట్లాడాలని కొట్టు కబుర్లు ఎత్తుకున్నాను. ఒకాయన ఫ్యాను తిరగట్లేదని తెచ్చి బల్ల మీద పెట్టాడు. విప్పి చూస్తే లోపల పిచ్చుక గూడు కట్టుకుంది. ఆవిడ నవ్వారు. నవ్వాల్సిన చోటే నవ్వారు. అంతలో కరెంటు పోయింది. గది మొత్తం చీకటి.

నేను చెప్తూనే ఉన్నాను. గూడు తీస్తే పాపమని ఆయన, తీయకపోతే ఫ్యాను తిరగదని నేను. ఎదురుగా "ఊఁ" కొట్టడం ఆగిపోయింది.

"ఏం బాబూ, మధ్యలో ఆపేశావు?" అన్నారు చీకట్లోంచి.

"ఆపలేదత్తయ్యా. చెప్తూనే ఉన్నాను."

"నిన్నే. లేచి వెళ్ళిపోయావా?"

"ఇక్కడే ఉన్నాను" అన్నాను గట్టిగా. ఆవిడ చెయ్యి చీకట్లో వెతుక్కుంటూ వచ్చి నా మోకాలికి తగిలి ఉలిక్కిపడింది. "ఉన్నావుగా. మరి పలకవేం? భయపెడతావా?" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, భయమే ఉంది.

కరెంటు వచ్చింది. ఆవిడ నా మొహం చూసి తేలికపడి, "ఆ, ఇంతకీ గూడు తీశావా లేదా?" అన్నారు.

నాకు ఏమీ అర్థం కాలేదు. ఆ కాసేపూ ఎక్కడికి పోయిందీ మనిషి? చెమట పట్టి భుజం మీది తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ, "తీయలేదత్తయ్యా, అలాగే పంపేశాను" అన్నాను.

"తువ్వాలు తీసి చెప్పు. ఏమంటున్నావో తెలియట్లేదు."

తువ్వాలు అక్కడే ఉంచి అదే మాట ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా అన్నాను. ఆవిడ నా మూతి ఎప్పుడు బయటికి వస్తుందా అని ఎదురుచూస్తున్నారు. అప్పుడు వెలిగింది నాకు. చీకట్లో మాట్లాడే మనిషి పెదాలు కనపడవు. కుళాయికి, కుక్కకి, తలుపు గంటకి ఉన్నా లేకపోయినా ఒకటే. నూనెకి అసలు పెదాలే లేవు.

మా ఆవిడ వచ్చాక వీధి గుమ్మంలోనే ఆపి చెప్పాను. నా వైపు జాలిగా చూసింది. "అమ్మకి చెవుడా? నిన్న నేను నీకు గుసగుసగా చెప్పింది కూడా గది అవతలి నుంచి పట్టేసింది. అల్లుడికి ఆశ ఎక్కువ, అంతే" అంది. నిజమే, పట్టేశారు. నేనూ చూశాను. ఆ రాత్రంతా నాకు మళ్ళీ అనుమానమే. నా మతే సరిగ్గా ఉందా అనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం మా బావమరిది పెట్టెతో వచ్చాడు. మా ఆవిడ తల్లి బట్టలు సర్దింది. మా అత్తగారు కుర్చీలో కూర్చుని తువ్వాళ్ళు మడతపెట్టి అందిస్తున్నారు. ఎక్కడికని అడగలేదు, రానని అనలేదు. ఎప్పుడూ ఏదో ఒకదానికి నన్ను సతాయించే మనిషి అంత బుద్ధిగా మడతలు పెడుతుంటే చూడలేకపోయాను.

"బావా, ఒక్క నిమిషం. అమ్మకి పోయింది మతి కాదు, చెవులు" అన్నాను.

"బావా, నువ్వు మిక్సీలు చూసుకో" అన్నాడు అతను. "ఇప్పుడేగా నాతో మాట్లాడింది. నేను అడిగిన ప్రతిదానికీ చెప్పింది."

నేను వెళ్ళి అత్తగారి ఎదురుగా కింద కూర్చున్నాను. ఆవిడ తలెత్తి చూశారు. గొంతు మొత్తం మింగేసి, ఒక్క పెదాలే కదిపాను. పంచదార పొడి కొట్టి ఉందా అని. గదిలో చిన్న చప్పుడు లేదు.

"డబ్బాలో ఉంది. ఎందుకు, ఎవరైనా ముడులు అడిగారా?" అన్నారు మా అత్తగారు.

మా ఆవిడ చేతిలోని బట్టలు మంచం మీద పడిపోయాయి. ఏమడిగావని నన్ను అడిగింది. చెప్పాను. మా బావమరిది మెల్లగా కుర్చీ వెనక్కి నడిచాడు.

"అమ్మా" అన్నాడు. తువ్వాలు మడతపెడుతున్న చేతులు ఆగలేదు. "అమ్మా, నేను." ఈసారి వీధిలో సైకిలు తొక్కుకుంటూ పోయేవాడు తల తిప్పి చూశాడు. ఆవిడ మడతని అరచేత్తో నొక్కి సాపు చేసి, పక్కన పెట్టి, ఇంకోటి అందుకున్నారు. మా బావమరిది వెనక్కి వచ్చి పెట్టెని కాలితో మంచం కిందికి తోసేశాడు. అతని మొహం చూస్తే నాకు అప్పటిదాకా ఉన్న కోపం పోయింది.

మా మొహాలు చూసి ఆవిడకి అనుమానం వచ్చింది. "ఏంటి అందరూ అలా చూస్తున్నారు?"

"అత్తయ్యా, మీకు వినపడటం లేదు" అన్నాను నిదానంగా. "మా పెదాలు చూసి చెప్తున్నారు. మిల్లులో లాగా."

ఆవిడ నవ్వారు. "వినపడకపోవడమేంటి? ఇప్పుడు నువ్వన్నది వినలేదా నేను?"

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అత్తయ్యా, రేపు టీ కొట్టుకి ట్రే పంపుదామా?" అన్నాను. ఆవిడ నా చెయ్యి ఎప్పుడు దిగుతుందా అని చూస్తున్నారు. నేను దించలేదు. ఆ నవ్వు మెల్లగా పోయింది. వంటగది వైపు చూశారు, కిటికీ వైపు చూశారు, కిటికీలోంచి పక్కింటి గోడ వైపు చూశారు. ఏవేవో లెక్కలు ఒక్కొక్కటే సరిపోతున్నట్టు తలూపారు. తర్వాత వెనక్కి తిరిగి, తన కుర్చీ వెనక మా బావమరిది ఇందాక నిలబడ్డ ఖాళీ చోటుని చూశారు.

"అయితే ఇన్నాళ్ళూ నా వెనక నిలబడి ఏం మాట్లాడుకున్నారు?" అన్నారు.

మా బావమరిది నేల చూశాడు. మా ఆవిడ కిటికీ వైపు తిరిగి, "ఏముంటాయమ్మా, ఇంటి సంగతులు" అంది.

మా అత్తగారు లేచి వెళ్ళి, చిన్నపిల్ల మూతి తుడవడానికి పట్టుకున్నట్టు కూతురి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకున్నారు.

"ఇటు చూసి చెప్పు."

మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "నీకు మతి పోతోందనుకున్నామమ్మా" అంది.

ఆవిడ గడ్డం వదల్లేదు. చాలాసేపు ఆ పెదాల వంకే చూశారు, ఇంకేమైనా ఉందేమోనని.

"నేనూ అదే అనుకున్నానే" అన్నారు. "రోజూ పొద్దున మెలకువ రాగానే మీ ఇద్దరి పేర్లూ గుర్తున్నాయో లేదో చూసుకుని, అప్పుడు మంచం దిగేదాన్ని."